చెట్టుని గాలి కూల్చిందా, మనం వదిలేసిన పంగ కూల్చిందా?

ఈ ఎపిసోడ్‌లో చెట్ల గురించి మాట్లాడుకుందాం. అడవుల గురించి కాదు. మన వీధుల్లో, కాలేజీ ఆవరణల్లో, పార్కుల్లో నీడ కోసం, అందం కోసం నాటుకునే చెట్ల గురించి. ఇవి గాలివానకి ఎందుకు పడిపోతాయి, పడకుండా చిన్నప్పుడే ఏం చెయ్యొచ్చు అన్న ప్రశ్నకి సరైన జవాబు దొరకడానికి దాదాపు మూడు వందల ఏళ్లు పట్టింది. ఆ కథే ఇవాళ చెబుతాను. మధ్యలో ఇంగ్లండు, కలకత్తా, అమెరికా వెళ్లొస్తాం. మొదలుపెట్టేది మాత్రం విశాఖపట్నంలో.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను మధ్యాహ్నం వేళ విశాఖ దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకి సుమారు 180 కిలోమీటర్లు. తుఫాను కన్ను ఊరి మీదుగా వెళ్లడం వల్ల మధ్యలో కాసేపు గాలి ఆగింది. అయిపోయిందనుకునేలోపు మళ్లీ ఎదురు దిక్కునుంచి కొట్టింది. అంటే ఒక్కో చెట్టుకీ రెండు వైపులా దెబ్బ తగిలిందన్నమాట. మర్నాడు చూస్తే కైలాసగిరి మీద పచ్చదనం లేదు. కొండ గోధుమరంగులోకి మారిపోయింది. ఆంధ్రా యూనివర్సిటీ ఆవరణలో, జూలో, బీచ్ రోడ్డు పొడుగునా చెట్లు పడి ఉన్నాయి.

ఆ తర్వాత వారానికి నేను అక్కడ మా బంధువుల ఇంటికి వెళ్లాను. వాళ్ల గేటుకి అటూ ఇటూ రెండు తురాయి చెట్లు ఉండేవి. రెండూ ఒకే రోజు నాటినవి. అదే నేల, అదే గాలి. ఒకటి నిలువునా రెండుగా చీలిపోయి, సగం గోడ మీద, సగం రోడ్డు మీద పడింది. రెండోది కొమ్మలు పోగొట్టుకుంది గానీ నిలబడే ఉంది. పడినదాన్ని రంపంతో కోస్తున్న పెద్దాయన నన్ను పిలిచి చీలిన చోటు చూపించాడు. "ఇది మొన్న ఇరిగింది కాదు బాబూ, ఎప్పుడో ఇరిగిపోయింది" అన్నాడు.

దగ్గరికి వెళ్లి చూశాను. అప్పుడే విరిగిన చెక్క తెల్లగా, పీచుపీచుగా ఉండాలి కదా? అలాంటి చెక్క అంచుల్లో మాత్రమే ఉంది. మధ్యలో జానెడు పొడవున నల్లటి పాత బెరడు కనిపించింది. అంటే ఆ రెండు కాండాలూ ఎన్నేళ్లుగానో పక్కపక్కనే పెరిగాయి గానీ, ఒకదానితో ఒకటి అతుక్కోలేదు. ఆ పెద్దాయన ఒక్క మాటలో చెప్పిన విషయం శాస్త్రవేత్తలకి ఎలా తెలిసిందో ఇప్పుడు చూద్దాం.

1664లో ఇంగ్లండులో జాన్ ఈవ్లిన్ అనే ఆయన 'సిల్వా' అని చెట్ల మీద పెద్ద పుస్తకం వేశాడు. రాజుగారి నౌకాదళానికి ఓక్ కలప కావాలి, అడవులు తరిగిపోతున్నాయి, కాబట్టి చెట్లు నాటండి అని ఆ పుస్తకం సారాంశం. కత్తిరింపు గురించి కూడా రాశాడు. అయితే ఆ కాలంలో కత్తిరింపు ఎందుకంటే పళ్ల కోసం, మంచి దూలం కోసం, కంచె కోసం. గాలి సంగతి అందులో పెద్దగా లేదు.

ముప్ఫై తొమ్మిదేళ్ల తర్వాత, అప్పటి ఇంగ్లీషు క్యాలెండరు ప్రకారం 1703 నవంబరు 26 రాత్రి, దక్షిణ ఇంగ్లండు మీద మహా తుఫాను విరుచుకుపడింది. చెట్లు నాటమని దేశానికి చెప్పిన ఈవ్లిన్ సొంత ఎస్టేట్లోనే దాదాపు 2000 ఓక్ చెట్లు కూలిపోయాయి. అప్పటికాయన ఎనభై దాటిన ముసలాయన. తర్వాత రోజుల్లో 'రాబిన్సన్ క్రూసో' రాసిన డేనియల్ డీఫో, కెంట్ ప్రాంతంలో తిరుగుతూ పడిపోయిన చెట్లని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. 17,000 దాకా లెక్కపెట్టి, ఇక నా వల్ల కాదని మానేశాడు.

చూడండి, ఆయన పడినవాటిని లెక్కపెట్టాడు. నిలబడినవి ఎందుకు నిలబడ్డాయి అని ఎవరూ అడగలేదు. దేవుడి ఆగ్రహం అన్నారు, ఉపవాస దినం ప్రకటించారు, మళ్లీ చెట్లు నాటారు.

సరైన దిశలో మొదటి అడుగు 1803లో పడింది. థామస్ ఆండ్రూ నైట్ అనే తోటల శాస్త్రవేత్త లేత ఆపిల్ మొక్కలతో ఒక ప్రయోగం చేశాడు. కొన్ని మొక్కలు అసలు కదలకుండా కట్టేశాడు. కొన్నిటిని ఉత్తర దక్షిణాలుగా మాత్రమే ఊగేలా కట్టాడు. కొన్నాళ్లకి చూస్తే, కట్టేసిన మొక్కలకంటే ఊగిన మొక్కల కాండం బలంగా లావెక్కింది. ఒకే దిక్కులో ఊగిన మొక్క కాండం గుండ్రంగా కాకుండా, ఊగిన దిక్కులోనే వెడల్పుగా, కోడిగుడ్డు ఆకారంలో పెరిగింది. అంటే మొక్క గాలిని తట్టుకోవడం గాలి దగ్గరే నేర్చుకుంటోంది. వ్యాయామం చేసిన చెయ్యి గట్టిపడినట్టే అనుకోండి. మనం మొక్కకి గట్టి కర్ర పాతి, తాళ్లతో బిగించి మూడేళ్లు అలాగే వదిలేస్తే, ఆ కర్ర తీసిన రోజు అది నిలబడలేదు. రెండు వందల ఏళ్ల నాటి పాఠం ఇది. మన ట్రీ గార్డుల్లో ఇంకా చాలాచోట్ల దిగలేదు.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. 1864 అక్టోబరు 5న కలకత్తాని పెద్ద తుఫాను కొట్టింది. సుమారు 60 వేల మంది పోయారని అంచనా. నెల తిరక్కముందే, నవంబరు 1న, మన బందరుని ఇంకో తుఫాను కొట్టింది. ఉప్పెనలో సుమారు 30 వేల మంది పోయారు. 1875లో భారత వాతావరణ శాఖ పుట్టడం వెనక ఉన్న కారణాల్లో ఆ కలకత్తా తుఫాను ఒకటి. అంత మరణాల మధ్య ఒక చెట్టు గురించి చెప్పడం చిన్న విషయంగా అనిపించొచ్చు. అయినా చెబుతాను, ఎందుకంటే ఆ చెట్టు ఒక ముఖ్యమైన సాక్షి.

కలకత్తాకి ఎదురుగా, హుగ్లీ నదికి అవతల ఒడ్డున, శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌లో ఒక మహా మర్రి ఉంది. 1864 తుఫానులో, తర్వాత 1867లో వచ్చిన ఇంకో తుఫానులో దాని పెద్ద కొమ్మలు విరిగిపోయాయి. చెట్టు మాత్రం పడలేదు. బతికిపోయిందనుకున్నారు. కానీ విరిగిన చోటునుంచి బూజుజాతి శిలీంధ్రం లోపలికి దిగింది. లోపల్లోపలే తినుకుంటూ పోయింది. చివరికి 1925లో, సుమారు 50 అడుగుల చుట్టుకొలత ఉన్న అసలు మానునే తొలగించాల్సి వచ్చింది. 1864 ఎక్కడ, 1925 ఎక్కడ! గాయానికీ దాని ఫలితానికీ మధ్య అరవై ఏళ్లు. మర్రి కాబట్టి ఊడల మీద బతికింది, ఇవాళ్టికీ బతికే ఉంది. అదే తురాయికో నిద్రగన్నేరుకో ఊడలు ఉండవు కదా.

ఇందులో ఉన్న పాఠం ఏమిటంటే, చెట్టు మీద పడ్డ గాయం చెట్టుతోపాటే ఉండిపోతుంది. మరి మనం రంపంతో చేసే గాయం? అక్కడే మనుషులు వంద ఏళ్లపాటు తప్పుదారి పట్టారు.

1860లలో ఫ్రాన్సులో కౌంట్ దే కార్ అనే జమీందారు కత్తిరింపు మీద ఒక పుస్తకం రాశాడు. కొమ్మని కొయ్యాలంటే మొదట్లో ఉబ్బుగా ఉండే భాగంతో సహా, కాండానికి సమంగా, నున్నగా చెక్కేయాలన్నాడు. కోసిన చోట తారు పుయ్యాలన్నాడు. చూడ్డానికి నీటుగా ఉంటుంది, గాయం చుట్టూ కొత్త బెరడు కూడా గబగబా పెరుగుతుంది. ఇంకేం కావాలి? 1881లో బోస్టన్‌లో దాని ఇంగ్లీషు అనువాదం వచ్చింది. తర్వాత తరతరాల తోటమాలులు అదే పద్ధతి నేర్చుకున్నారు. చెట్లు కోసి తారు పూసే అలవాటు మన దాకా కూడా వచ్చింది.

ఈ నమ్మకాన్ని కదిలించినవాడు అలెక్స్ షైగో. 1930లో పుట్టాడు, 1959లో అమెరికా అటవీ శాఖలో చేరాడు. అంతకుముందు శాస్త్రవేత్తలు చెట్టుని ఎక్కువగా అడ్డంగా కోసి చూసేవాళ్లు. షైగో కాలానికి ఒక్కడే పట్టుకుని వాడగలిగే చైన్‌సా వచ్చింది. ఆయన దాంతో చెట్లని నిలువునా, పై నుంచి కింది దాకా చీల్చి చూడడం మొదలుపెట్టాడు. ఒకటీ రెండూ కాదు, వేల చెట్లు. ప్రతి గాయం వెనకా కుళ్లు ఎంత దూరం వెళ్లింది, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అని చూశాడు.

ఆయన చూసింది ఇది. మన చర్మం మీద గాయమైతే పాత కణాలు పోయి కొత్తవి వస్తాయి, గాయం మానుతుంది. చెట్టుకి అలా మానదు. చెట్టు దెబ్బతిన్న చెక్క చుట్టూ లోపలే గోడలు కట్టి, కుళ్లుని ఆ గదిలో బంధించి, పైన కొత్త చెక్క పెంచుకుంటుంది. 1977లో ఈ సిద్ధాంతాన్ని ప్రకటించాడు. ఆ గోడలు కట్టే సామర్థ్యం ఎక్కువగా ఉండేది ఎక్కడ? కొమ్మ కాండంలో కలిసే చోట ఉండే ఆ ఉబ్బులోనే. దే కార్ చెక్కేయమన్నది సరిగ్గా దాన్నే! కోటగోడ మనమే పడగొట్టి, తలుపుకి తారు పూశామన్నమాట. ఆ తారు కూడా కుళ్లుని ఆపదని తేలింది.

అందుకని షైగో చెప్పిన పద్ధతి: ఉబ్బుని ముట్టుకోకుండా, దానికి సరిగ్గా బయట కొయ్యాలి. మరీ దూరంగా కోసి మొండి కూడా వదలకూడదు. మొండి కుళ్లిపోతుంది. గాయం ఎంత చిన్నదైతే అంత త్వరగా మూసుకుంటుంది. ఇక్కడినుంచి ఆలోచన ఎటు వెళ్తుందో మీకే తెలుస్తుంది. బొటనవేలంత కొమ్మ తీస్తే చిన్న గాయం. తొడంత కొమ్మ తీస్తే కలకత్తా మర్రికి తగిలినలాంటి గాయం. కాబట్టి ఎలాగూ తియ్యాల్సిన కొమ్మని చిన్నప్పుడే తియ్యాలి.

మరి ఏ కొమ్మ తియ్యాలి? దీనికి జవాబు మళ్లీ తుఫానులే చెప్పాయి. 1987 అక్టోబరు 15 రాత్రి తెల్లవారేలోపు దక్షిణ ఇంగ్లండులో సుమారు కోటీ యాభై లక్షల చెట్లు పడిపోయాయి. చెట్ల మీద ఆకు ఇంకా రాలలేదు, నేల వానకి నాని ఉంది. సెవెనోక్స్ అంటే ఏడు ఓక్‌లు అని అర్థం వచ్చే ఊళ్లో ఏడింటిలో ఆరు పోయాయి. 1992 ఆగస్టు 24న ఆండ్రూ హరికేన్ దక్షిణ ఫ్లోరిడాని తుడిచిపెట్టింది. అయితే ఈసారి ఫ్లోరిడా యూనివర్సిటీవాళ్లు డీఫోలాగా పడినవాటిని మాత్రమే లెక్కపెట్టలేదు, నిలబడినవాటిని కూడా లెక్కపెట్టారు. ఆ తర్వాత వచ్చిన హరికేన్లలోనూ అదే పని చేశారు. ఏ జాతి నిలబడింది, గుంపులో ఉన్నదా ఒంటరిదా, వేరు పాకడానికి చోటు ఉందా, కొమ్మలు కత్తిరించారా లేదా అని చూశారు. గుంపుగా ఉన్నవి, నేల ఎక్కువ దొరికినవి, సరిగ్గా కత్తిరించినవి మిగతావాటికంటే బాగా తట్టుకున్నాయి. అక్కడే ఎడ్వర్డ్ గిల్మన్ అనే ప్రొఫెసర్, తుఫాను గాలిని పుట్టించే యంత్రం ముందు చెట్లని పెట్టి, రకరకాలుగా కత్తిరించి, కాండం ఎంత ఊగుతోందో కొలిచాడు.

దీని వెనక లెక్క సులువే. గాలి వేగం మూడింతలైతే తోపుడు మూడింతలు కాదు, దాదాపు తొమ్మిదింతలు. ఆకులు ముడుచుకుని, రెమ్మలు వంగి కొంత తప్పించుకుంటాయి గానీ, 60 కిలోమీటర్ల గాలికీ 180 కిలోమీటర్ల గాలికీ పోలికే లేదు. ఆ తోపుడంతా చెట్టులో ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడికి చేరుతుంది. చాలా నీడచెట్లలో ఆ చోటు పంగ.

ఇప్పుడు మళ్లీ మన తురాయి దగ్గరికి రండి. ఒక కొమ్మ కాండంకంటే బాగా సన్నగా ఉంటే, కాండపు చెక్క ఏటేటా దాని మొదలు చుట్టూ పెరిగి, సాకెట్‌లో బిగించినట్టు పట్టుకుంటుంది. అదే రెండు కొమ్మలూ సమానమైన లావుతో, ఇరుకుగా, నిక్కబొడుచుకుని పెరిగితే ఎవరు కాండం, ఎవరు కొమ్మ? ఎవరూ ఎవర్నీ పట్టుకోరు. మధ్యలో బెరడు ఇరుక్కుంటుంది. రెండూ లావెక్కేకొద్దీ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఇరవై ఏళ్లపాటు చూడ్డానికి అందమైన గొడుగులాగే ఉంటుంది. హుద్‌హుద్ లాంటిది వచ్చిన రోజున విప్పుకుంటుంది. పెద్దాయన 'ఎప్పుడో ఇరిగిపోయింది' అన్నది దీని గురించే. నిలబడిన రెండో తురాయికి ఒకటే కాండం, దానికి చుట్టూ కొమ్మలు. ఎవరో కత్తిరించి అలా చేశారనుకోకండి. చిన్నప్పుడు మేక ఒక కొమ్మ కొరికేసిందని మా బంధువులు చెప్పారు. మేక చేసిన పని మనం చెయ్యలేమా?

సరే, పద్ధతిగా ఏం చెయ్యాలో చెబుతాను. నాటిన మొదటి ఏడాది విరిగినవీ ఎండినవీ తప్ప ఏమీ ముట్టుకోవద్దు. కర్ర కట్టాల్సి వస్తే వదులుగా కట్టండి, ఏడాదిలోపు తీసేయండి. రెండో మూడో ఏడు నుంచి, ఏడాదికి ఒకసారి చెట్టు ముందు నిలబడి ఒకటే ప్రశ్న అడగండి: ఇందులో నాయకుడు ఎవరు? నిటారుగా, మధ్యలో ఉన్న ఒక కాండాన్ని ఎంచుకోండి. దానితో పోటీపడుతున్న కొమ్మ చిన్నదైతే మొదటికి తీసేయండి. కాస్త పెద్దదైతే ఒకేసారి తియ్యకుండా, పక్కకి తిరిగిన ఒక రెమ్మ దాకా పొట్టి చెయ్యండి. దాని జోరు తగ్గుతుంది, నాయకుడు ముందుకి వెళ్తాడు. ఏ కొమ్మైనా అది పుట్టిన చోట కాండం లావులో సగం దాటనివ్వకండి. ఒక్కసారికి ఆకుల్లో నాలుగో వంతుకి మించి తియ్యొద్దు.

కింది కొమ్మల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మనవాళ్లు మొక్క మనిషెత్తు కాగానే కింద ఉన్నవన్నీ నరికేసి, పైన చిన్న కుచ్చు వదులుతారు. పొడుగు బాటిల్ బ్రష్ లాగా ఉంటుంది. ఆ కింది కొమ్మలే కాండం మొదలుకి తిండి పెట్టి లావు చేస్తాయి. దారికి అడ్డమైతే పొట్టిగా ఉంచండి, చెట్టు పెరిగాక ఒక్కొక్కటిగా తియ్యండి. అలాగే లోపలి రెమ్మలన్నీ దువ్వేసి కొమ్మ చివర మాత్రమే ఆకులు వదిలే పద్ధతి కూడా మంచిది కాదు. బరువంతా కొమ్మ చివరికి వెళ్తుంది, విరగడం సులువవుతుంది.

కాస్త బరువున్న కొమ్మైతే మూడు కోతలు వెయ్యండి. ముందు జానెడు దూరంలో కిందనుంచి కొంచెం, తర్వాత ఇంకాస్త బయట పైనుంచి కోసి బరువు దించేయండి. చివరగా ఆ ఉబ్బు పక్కన శుభ్రమైన కోత. లేకపోతే కొమ్మ పడుతూ బెరడుని కాండం దాకా చీల్చుకుపోతుంది. కరెంటు తీగల దగ్గర మాత్రం మీరు చెయ్యి పెట్టకండి.

ఇదంతా చేస్తే ఇక చెట్టు పడనే పడదా? అలా చెప్పను. రోడ్డు వేసినప్పుడు వేర్లు తెగ్గొట్టి, మొదలు చుట్టూ సిమెంటు బిగించిన చెట్టుని ఏ కత్తిరింపూ కాపాడలేదు. 180 కిలోమీటర్ల గాలికి మంచి చెట్లు కూడా పడతాయి. కానీ వేళ్లతో లేచేవి కొన్ని, నడుం విరిగేవి కొన్ని, పంగ దగ్గర చీలేవి కొన్ని. ఆ చివరి రకం మాత్రం మన చేతిలో ఉన్నది.

ఇక అసలు బాధ. తుఫాను వచ్చిపోయాక మనం చేసేదేమిటి? భయంతో మిగిలిన పెద్ద చెట్ల తలలన్నీ కొట్టేసి మోడు చేస్తాం. నాలుగు నెలల్లో ఆ మోడు చుట్టూ గుత్తులుగా చిగుళ్లు వస్తాయి, చెట్టు కోలుకుందని సంతోషిస్తాం. ఆ చిగుళ్లు లోపలి చెక్కలోంచి పుట్టినవి కావు, బెరడు కిందనుంచి పైపైన అతుక్కుని ఉన్నవి. కింద మోడు కుళ్లుతూ ఉంటుంది, పైన కొమ్మలు బరువెక్కుతూ ఉంటాయి. అంటే రాబోయే తుఫానుకి విరగాల్సిన కొమ్మల్ని మనమే తయారుచేసి పెడుతున్నాం. రెండో వైపు లక్షల్లో మొక్కలు నాటి, లెక్క రాసుకుని, మళ్లీ వాటివైపు చూడం. నాటడానికి డబ్బూ ఫొటోలూ ఉంటాయి. నాలుగో ఏట ఐదు నిమిషాలు కత్తెర పట్టుకుని నిలబడడానికి మనిషి ఉండడు.

హుద్‌హుద్ తర్వాత నాటిన మొక్కలకి పదేళ్లు దాటాయి. వాటిలో చాలా వాటికి పంగలు ఈపాటికే పడి ఉంటాయి. కొన్నిటిని ఇప్పటికీ చేతిరంపంతో సరిచెయ్యొచ్చు. ఇంకో ఐదారేళ్లు ఆగితే క్రేన్ కావాలి, ఆ పైన తుఫానే చేస్తుంది. మొక్కై వంగనిది మానై వంగునా అని మనం పిల్లల్ని ఉద్దేశించి అంటాం. ఒక్కసారి మొక్కనే ఉద్దేశించి అనుకోండి.

ఈ ఆదివారం మీ ఇంటి ముందున్న చిన్న చెట్టు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. రెండు సమానమైన కాండాలు ఇరుకుగా పైకి వెళ్తున్నాయేమో చూడండి. ఉంటే ఇవాళ విన్నది గుర్తుచేసుకోండి. మీ ఊళ్లో తుఫానుకి నిలబడ్డ పాత చెట్లుంటే, అవి ఏ జాతివో, ఎలాంటి చోట ఉన్నాయో కామెంట్లలో రాయండి. పడినవాటిని లెక్కపెట్టడం అయిపోయింది, ఇప్పుడు నిలబడినవాటిని లెక్కపెడదాం. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.